నాలుగు పాయల మోకాలు

2003 మార్చి 18

మోకాలు బాగానే ఉంది.

మార్చి 20

కొంచెం వాచింది, అంతే. ఇసుకలో చెడుగుడు ఆడాక వాయకుండా ఉంటుందా?

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలి. ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతున్నారు. గంగమ్మ సంబరం మర్నాడు మా భావనపాడులో ఏటేటా ఆడవాళ్ళ చెడుగుడు. ఒక పక్క ఊరి ఆడపడుచులు, ఇంకో పక్క ఊరికి వచ్చిన కోడళ్ళు. ఓడిన జట్టు గెలిచిన జట్టుకి చేపల పులుసు వండి పెట్టాలి. మూడేళ్లుగా కోడళ్ళే వండుతున్నారు, ఎందుకంటే మూడేళ్లుగా ఆడపడుచులకి నాయకురాలిని నేను. గొప్ప కోసం రాయడం లేదు. నిజం కాబట్టి రాస్తున్నాను.

ఈసారి కూతకి వెళ్లి ఇద్దర్ని తాకి గీత దాకా వచ్చేశాను. వెనక నుంచి జగదాంబ వదిన ఒక్క దూకు దూకి నా కుడి కాలి మడమ దొరకబుచ్చుకుంది. పాదం ఇసుకలో పాతుకుపోయింది. నేను మాత్రం తిరిగాను. లోపల టప్పుమని చప్పుడు. వదినకి కూడా వినబడిందట.

ఆ రోజు నుంచీ వదిన చేప తల నా కంచంలో వేస్తోంది. మా ఇంట్లో తల ఎప్పుడూ అన్నయ్యది. అన్నయ్య కిక్కురుమనకుండా తోక తింటున్నాడు.

మార్చి 27

కాలేజీ మెట్లు దిగుతుంటే మోకాలు ఎటో వెళ్లిపోయింది. నేనొక పక్క, అదొక పక్క. మా డిపార్ట్‌మెంట్ హెడ్డు జనార్దనరావు సార్ చూడనే చూశారు. "ఇందూ, మన ల్యాబ్‌లో ఇనప కడ్డీలు విరగాలి గాని టెక్నీషియన్లు విరగకూడదమ్మా" అన్నారు.

బాగానే ఉంది సార్ అన్నాను.

ఏప్రిల్ 5

వదిన పోరు పడలేక పలాస వెళ్లాను. బస్సు దిగగానే జీడిపిక్కలు కాల్చే వాసన. వదిన గుండెల నిండా పీల్చుకుని, "ఈ గాలి తాగితే సాలే, మద్దేన్నం కూడక్కర్నేదు" అంది. అని, హోటల్లో రెండు ప్లేట్ల పూరీ తింది.

ఎముకల డాక్టరు వైకుంఠరావు గారు నా మోకాలు మడిచి, పిక్కని రెండు చేతులతో ముందుకి లాగారు. బల్ల సొరుగులాగ వచ్చేసింది. ఎడమది లాగితే రాలేదు. మోకాలి కింది ఎముక ముందుకి జారకుండా లోపల పట్టి ఉంచే లిగమెంటు తెగిపోయిందట. కుడితే అతకదట. నా ఒంట్లోదే ఇంకో చోట నుంచి తీసి అక్కడ బిగించాలట. ఆయన నెలకి రెండుసార్లు విశాఖ వెళ్లి ఆ ఆపరేషన్లు చేస్తారు.

"ఎక్కడిది తీస్తారండీ?"

"రెండు దార్లున్నాయమ్మా. మోకాలి చిప్ప కింద వెడల్పుగా ఒక పట్టీ ఉంటాది. దాని మధ్య ముక్క, రెండు చివర్లా చిన్న ఎముక ముక్కల్తో సహా తియ్యొచ్చు. లేదంటే తొడ వెనక రెండు సన్నటి టెండన్లుంటాయి. అవి తీసి, మడిచి, నాలుగు పాయలు చేసి వెయ్యొచ్చు."

"ఏది గట్టిది?"

"పదిమంది డాక్టర్లని అడిగితే పదకొండు జవాబులొస్తాయి" అని నవ్వి, ఒక జెరాక్సు కాగితం చూపించారు. అందులో అంకెలున్నాయి. ఆయన కేజీల్లోకి మార్చి చెప్పారు. పుట్టుకతో వచ్చిన లిగమెంటు సుమారు రెండొందల ఇరవై కేజీల దగ్గర తెగుతుందట. చిప్ప కింది పట్టీ మూడొందల దగ్గర. నాలుగు పాయలది నాలుగొందలు దాటి.

"అంటే రెండూ పాతదానికంటే గట్టివే" అన్నారు.

"ఆ కాగితంలోవి అమెరికా వాళ్ళ మోకాళ్ళు కదండీ" అన్నాను. "మా ల్యాబ్‌లో మెషిన్ ఉంది. నేను లాగి చూసుకుని వస్తాను."

"ఏం లాగుతావమ్మా?"

"మేకవి."

ఆయన మే ఎనిమిదిన విశాఖ రమ్మని చీటీ మీద రాశారు. రాత చూసి కాదు, నా మొహం చూసి వదిన తల కొట్టుకుంది. "అంత సదువు సదివినోడు సెప్తంటే నమ్మదట, మేకని అడిగి ఒత్తాదట! నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళే ఇందూ."

మూడో నాలుగో లెక్కపెట్టడమే కదా నా ఉద్యోగం.

ఏప్రిల్ 17

టెక్కలి సంతలో మాంసం కొట్టు కూర్మారావు మేక వెనక కాళ్ళ టెండన్లు ఊరికే ఇచ్చాడు. కుక్క కోసం అనుకున్నాడు. కుక్క పేరు అడిగితే టైగర్ అని చెప్పేశాను. పాపం, ఇంకో రెండు ఎక్కువ వేశాడు.

కడ్డీలు లాగే పెద్ద మెషిన్‌కి ఇవి ఆనవు. తీగలు పరీక్షించే చిన్నదాంట్లో పెట్టాను. చిప్ప కింది పట్టీ ఎముక ముక్కలతో సహా బిగించాను. ఎముకని దవడలు గట్టిగా కరిచి పట్టుకున్నాయి. తొంభై రెండు కేజీలకి తెగింది. భేష్.

తర్వాత సన్నటివి మడిచి నాలుగు పాయలు చేశాను. ముప్ఫై ఎనిమిది కేజీలకి దవడల్లోంచి సబ్బు బిళ్ళలాగ జారిపోయింది. మళ్ళీ బిగించాను. నలభై ఒకటి, జారింది. ముప్ఫై ఐదు, జారింది. తెగలేదు, జారింది.

జనార్దనరావు సార్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు. "ఇది ల్యాబా, బిర్యానీ హోటలా?" అన్నారు. అంటూనే కుర్చీ లాక్కుని కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు.

ఏప్రిల్ 25

గరుకు కాగితం చుట్టాను. జారింది. గోనెగుడ్డ చుట్టాను. జారింది. దవడలు ఇంకా బిగిస్తే అంచు దగ్గర నలిగిపోయింది.

మే ఎనిమిదికి కుదరదని డాక్టరు గారికి ఫోన్ చేశాను. నాలుగు పాయల సంగతి తేలలేదు కదా. ఇది వాయిదా వేయడం కాదు, పద్ధతి.

మే 2

వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునున్నాయి. ఇంట్లో కూర్చోలేక అయ్య నాతో ల్యాబ్‌కి వచ్చాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని వచ్చాడు. నలభై ఏళ్లుగా తాళ్ళతో బతుకుతున్న మనిషి, తాడు తెగడానికే ఒక మెషిన్ ఉందని ఇవాళే చూశాడు.

నేను బిగించిన నాలుగు పాయల్ని వేలితో ఒక్కొక్కటే మీటాడు.

"ఏటిది, ఇలగ కట్టినావు? ఇది సూడు, బిర్రుగుంది. ఇది సూడు, ఒదులుగుంది. లాగితే ముందు ఏది మోత్తాది?"

"బిర్రుగా ఉన్నది."

"అది తెగినాక?"

"దాని పక్కది."

"మరింక నాలుగెందుకే? ఒకటి మోత్తంటే మూడు సూత్తన్నాయి. మీ అన్నయ్య వల లాగినట్టు."

నాలుగు పాయలకీ నాలుగు సమానమైన చిన్న బరువులు వేలాడదీసి, నాలుగూ ఒకేలా బిగుసుకున్నాక అప్పుడు కట్టాడు. మోకుని పేనే ముందు అయ్య వాళ్ళు చేసే పని అదే. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పని. నా డిప్లొమా మూడేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

యాభై ఎనిమిది దాకా వెళ్ళింది. అప్పుడు జారింది. సార్ చప్పట్లు కొట్టారు. అయ్యకి ఎందుకో అర్థం కాలేదు, అయినా నమస్కారం పెట్టాడు.

మే 6

అమ్మ నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళు తెచ్చుకుంది, నా జారుడు కథ విని. తర్వాత తన కథ చెప్పింది.

నేను పుట్టక ముందు అమ్మ కొత్తగా టెక్కలికి చేపలు మోసేది. ఐసులో పెడితే చేప నిలవుంటుంది, ఉప్పు వేస్తే చేప నిలవుంటుంది, రెండూ కలిపితే ఇంకా నిలవుంటుంది కదా అని, ఐసు మీద నౌపడ ఉప్పు గుమ్మరించి పెట్టె మూసేసింది.

"సంతలో మూత తీద్దును గదా, కానాగంతలన్నీ కర్రలైపోనాయి. ఒకదాన్నొకటి కరిసిపెట్టుకున్నాయి. పెట్టెకంటుకున్నది పెట్టెకే. ఊడదీత్తే రాదే! కత్తి పీట ఇరిగిపోనాది గాని సేప రానేదు. ఏడాదంతా నన్ను కర్రల బొడ్డమ్మ అన్నారు."

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ఐసు ఒక్కటే అయితే ఇంత చల్లబడదు. ఉప్పు కలిస్తే చలి ఇంకా దిగిపోతుంది. ఇంటర్‌లో చదివాను, మార్కులు కూడా వచ్చాయి. టెండన్ చివరలు గడ్డకడితే దవడల్లోంచి ఎలా జారుతుంది?

అమ్మని ఎత్తి తిప్పబోయాను. మోకాలు ఒప్పుకోలేదు. ఇద్దరం చాప మీద పడ్డాం. వదిన పరుగెత్తుకొచ్చి ముందు నా మోకాలే పట్టుకు చూసింది. "పడింది మీ అత్తే" అన్నాను. "మాయత్తకేటి, రాయి" అంది గాని నా మోకాలు వదల్లేదు.

మే 9

రాళ్ళుప్పు రెండు కేజీలు, మా రేవులోంచి ఐసు ఒక దిమ్మ. బస్సు కండక్టరు కారుతున్న గోనెని చూసి ఏ చేపలని అడిగాడు. చదువుకున్న చేపలన్నాను.

దవడల చుట్టూ ఐసూ ఉప్పూ మూటలు కట్టాం, అయ్యా నేనూ. మధ్య భాగం గడ్డకట్టకుండా తడిగుడ్డ. పావుగంట ఆగి స్విచ్చి వేశాను. అరవై. డెబ్భై ఐదు. తొంభై రెండు దాటింది. అయ్య గంగమ్మని తలుచుకుంటున్నాడు. సార్ ఇంగ్లీషులో ఏదో గొణుగుతున్నారు. నూట ఇరవై ఎనిమిది దగ్గర తెగింది. దవడల దగ్గర కాదు, సరిగ్గా మధ్యలో. నాలుగూ ఒక్కసారే.

నేను అరిచిన అరుపుకి పక్క డిపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వచ్చాడు. సార్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు: పట్టీ 92. నాలుగు పాయలు 128. ఇంకో నాలుగు పాయల్ని వదులూ బిగువుగా కట్టి, ఐసు మూటలతోనే లాగితే 61. "ఈ ఫలితం మీ నాన్నగారిది" అని అయ్య పేరు కన్నయ్య అని కింద రాశారు. అయ్యకి చదవడం రాదు. పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. రెండుసార్లు చూపించమన్నాడు.

ఇంత సంతోషమైన రోజు నా ఉద్యోగంలో లేదు.

మే 10

నిన్న రాయనిది ఇవాళ రాస్తున్నాను. ఇంక లాగడానికి ఏమీ మిగల్లేదు. రెండూ గట్టివేనని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. నేను వినలేదు. వింటే ఆపరేషన్‌కి వెళ్లాలి. కోసి, తీసి, బిగించి, లేచాక కూడా కాలు నాది కాకపోతే? మళ్ళీ గీత దాటలేకపోతే? నాకు భయం. మేకల మీద నెట్టాను. కుంటిసాకు అనే మాట నా లాంటి దానిని చూసే పుట్టి ఉంటుంది.

రాశాక కొంచెం తేలిగ్గా ఉంది. చేప తల తిన్నాను.

మే 14

పలాస. నా నోట్‌బుక్ డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మొత్తం చదివారు.

"గట్టిదనం కాదండీ అసలు సంగతి, జారడం" అన్నాను. "ఎముక ఉన్న పట్టీ మొదటి నుంచీ జారలేదు. నాలుగు పాయలది ఎక్కువ మోస్తుంది గాని చివర్లు నిలిచేదాకా దాన్ని నమ్మకూడదు."

"ఇదే మాట మా వాళ్ళు పెద్ద పెద్ద సభల్లో చెప్పుకుంటారమ్మా. మేం మరతో బిగిస్తాం. ఎముక పెరిగి దాన్ని పట్టుకోడానికి నెల్లు పడతాది. ఎముక ముక్కలున్నది తొందరగా అతుకుతాది. మరి నీకేది వెయ్యమంటావు?"

"మీరు చెప్పండి."

"మోకాళ్ళ మీద కూర్చునే పనెంత?"

వదిన అందుకుంది. "సేపలేరడం మోకాళ్ళ మీదే బాబూ. రోజూ."

"అయితే చిప్ప ముందు కొయ్యొద్దు, కూర్చుంటే నొప్పెడతాది. నాలుగు పాయలదే వేద్దాం. ఓపిక ఉందా?"

ఉందని నేను, లేదని వదిన, ఒకేసారి అన్నాం.

జూన్ 13

విశాఖ. ఆపరేషన్ నిన్న అయింది. మత్తు దిగుతుంటే మొదట వినబడింది అయ్య గొంతు. తలుపు దగ్గర డాక్టరు గారిని నిలబెట్టి అడుగుతున్నాడు: "బాబూ, నాలుగు పాయలూ ఒక్కలాగ గుంజినారా?"

"గుంజేనయ్యా. నీ లెక్కే."

నొప్పిగా ఉంది. నవ్వొస్తోంది. నవ్వితే ఇంకా నొప్పిగా ఉంది.

జూన్ 30

మడిచాను. తొంభై డిగ్రీలు. వదిన కొలిచింది, నా పాత కోణమానినితో.

ఆగస్టు 21

మోకాలు బాగానే ఉంది. ఈసారి నిజంగానే. అందుకే నమ్మకూడదట. రెండో నెలలో, మూడో నెలలో లోపలి కొత్త టెండన్ మెత్తబడి మళ్ళీ గట్టిపడుతుందట. బయటికి మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుందట. అయ్యకి ఇది ఎవరూ వివరించక్కర్లేకపోయింది. "ముడి ఇంకా కూసోనేదు" అని ఊరంతా చెప్పాడు. పొడి ఇసుకలో అడుగు పెడితే చాలు, ఎవరో ఒకరు కేక వేస్తారు. అల తగిలి గట్టిపడిన తడి ఇసుక మీదే నడుస్తున్నాను, పొద్దున్నా సాయంత్రమూ, వెనక నలుగురు పిల్లలూ ఒక మేకా. ఆ మేక వంక నేను సూటిగా చూడలేను.

2004 మార్చి 7

సంబరం మర్నాడు. నన్ను ఆడనివ్వలేదు, గీత దగ్గర కూర్చుని లెక్క రాశాను. కిందటేడు లాగే ఈసారీ మా జట్టే గెలిచింది. వదిన కూడా ఆడలేదు. నడుం నొప్పి అంది. పొద్దున్నే రెండు బిందెలు చెరో చంకనా పెట్టుకుని వచ్చిన మనిషికి నడుం నొప్పి! కుంటిసాకుల్లో మా ఇంట్లో నాకు తోడు దొరికింది.

రాత్రి అన్నంలో మళ్ళీ తల నాకే. "ఏడాదైంది వదినా, చాలు" అన్నాను. విననట్టు పులుసు కలిపింది.

నవంబరు 3

మూడు బస్తాల ఉప్పు ఉన్న తోపుడుబండి పరుగు మీద నెట్టాను. నౌపడలో, పందెం. గెలిచాను. డాక్టరు గారికి చెప్పను.

2005 మార్చి 27

చేతులకి ఇంకా మసాలా వాసన. అయినా రాసే పడుకుంటాను.

డాక్టరు గారు ఒప్పుకున్నారు, ఆడమన్నారు. వదిన కోడళ్ళ జట్టులో దిగనంటే, నువ్వు దిగకపోతే నేనూ దిగనన్నాను. దిగింది.

మొదటి కూతకి వెళ్లాను. కోడళ్ళందరూ పక్కకి తప్పుకున్నారు. ఇద్దర్ని తాకి వచ్చేశాను. రెండోసారీ అంతే. మూడోసారి ఒకావిడ దగ్గరికొచ్చి, నా మోకాలు చూసి, వెనక్కి తగ్గి, తనే వచ్చి చెయ్యి తాకించుకుంది. మా జట్టు ఎగురుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కోయించుకుని, రెండేళ్లు నేను ఆగింది ఇందుకా? దేవుడి గదిలో పటంలా దండం పెట్టించుకోడానికా?

నాలుగోసారి వెళ్లాను. వాళ్ళల్లో వదినొక్కతే మిగిలింది, గీతకి దూరంగా, చేతులు వెనక్కి పెట్టుకుని. కూత ఆపకూడదు, మాట్లాడకూడదు. తిన్నగా వెళ్లి కుడి కాలు తన ముందు పెట్టాను. కదల్లేదు. కాలు తీసి మళ్ళీ పెట్టాను. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ పెట్టాను. తన కళ్ళల్లో నీళ్ళు. నా కూత సన్నబడుతోంది. ఇంక ఊపిరి అయిపోతుందనగా వెనక్కి తిరిగి గీత వైపు దూకాను.

అప్పుడు పట్టుకుంది. అదే మడమ, అదే దూకు, రెండేళ్లు దాచుకున్న బలమంతా పెట్టి. పాదం ఇసుకలో పాతుకుపోయింది. నేను తిరిగాను. మోకాలు బిగుసుకుంది. నిలబడింది. లాగాను, నిలబడింది. గీత జానెడు దూరంలో ఉండగా బోర్లా పడ్డాను, కూత అయిపోయింది.

నేను అవుట్!

ఇసుక నోట్లో పెట్టుకుని నవ్వుతున్నాను. వదిన పాక్కుంటూ వచ్చి రెండు చేతులతో మోకాలు తడుముతోంది. "సప్పుడైందేటే? ఇందూ, సెప్పు, సప్పుడైందేటి?"

"నేదు వదినా. ఏ సప్పుడూ నేదు."

అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి. నన్ను పట్టుకుని, అవుటైపోనావే, అవుటైపోనావే అంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయ్య గీత మీద నిలబడి నాలుగు వేళ్ళు ఎత్తి ఊరందరికీ చూపిస్తున్నాడు.

నేను బయటికెళ్ళాక అవుటైన కోడళ్ళు ఒక్కొక్కరే తిరిగి ఆటలోకొచ్చారు, మా జట్టు కూలిపోయింది. అయిదేళ్ళ తర్వాత మొదటిసారి ఆడపడుచులు పులుసు వండారు. ఉప్పు ఎక్కువైందని వదిన అందరి ముందూ అంది. మూడుసార్లు అంది.

ఇంటికొచ్చాక వదినే వడ్డించింది. నాకు రెండు నడుం ముక్కలు వేసింది. చేప తల అన్నయ్య కంచంలో వేసింది.